నూట పద్దెనిమిదో ఇల్లు

అంబమ్మకు లెక్కలంటే భయం లేదు, లెక్కపెట్టడమంటేనే భయం. కూడికలూ, తీసివేతలూ, నూటికి ఎంత అనే లెక్కలూ నోటితోనే తేల్చేసేది. రాయచూరు ఆసుపత్రి గుమాస్తాలు కాగితం మీద గీసుకుంటూ ఉండగానే ఆమె జవాబు చెప్పి, సంచీ భుజాన వేసుకుని బస్సెక్కేసేది. కానీ ఇంట్లో ఆడుకుంటున్న పిల్లల్ని చూసి ఒకటి, రెండు, మూడు అనమంటే మాత్రం ఆమె నాలుక మొండికేసేది. అలాంటి మనిషికి ఏరి కోరి సర్కారు వేసిన పని ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని లెక్కపెట్టడం. సర్కారుకి ఎవరికి ఏ పని చెప్పాలో ఎప్పుడు తెలిసింది గనక.

ఆమె పుట్టింది రాయచూరు కోటగోడ పక్క వీధిలో. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బళ్ళో ఉర్దూ. రైల్వే గ్యాంగులో పనిచేసే అతనికిచ్చి చేశారు. ఇద్దరు పిల్లలు పుట్టారు. పెద్దవాడు రంగా, చిన్నది కుసుమ. కుసుమ చంటిపిల్లగా ఉన్నప్పుడు గుంతకల్లు నుంచి రైల్లో వస్తుంటే, ఎదురుగా కూర్చున్న ఎవరో ఆడమనిషి వేరుశనక్కాయలు ఒలిచి రంగా చేతిలో పెడుతూ, ఎంతమంది పిల్లలమ్మా నీకు అని అడిగింది. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది, చంటిది నిద్రపోతోంది, రంగా నవ్వుతున్నాడు. అంబమ్మ సంతోషంగా ఉంది. సంతోషంలో మనిషి ఒళ్ళు మరిచిపోతుంది. ఇద్దరు అనేసింది.

ఆ నెల తిరక్కుండానే రంగా జ్వరం వచ్చి పోయాడు. అత్తగారు తిట్టలేదు, కొట్టలేదు. మూలన కూర్చున్న కోడలి పక్కన చేరి మెల్లగా ఒక్క మాట అడిగింది. "రైల్ల ఎవలికన్న చెప్పినవా బిడ్డా?" మరుసటి ఏడు కామెర్లతో మొగుడూ పోయాడు. ఆ తర్వాత ఎవరు అడిగినా అంబమ్మ, పిల్లలు లేరు అని చెప్పేది, పక్కనే కుసుమ కొంగు పట్టుకుని నిలబడి ఉన్నా సరే.

ఇదేదో ఆమె ఒక్కదాని పిచ్చి అనుకునేరు. ఆ చుట్టుపక్కల తల్లులందరిదీ అదే దారి. ముగ్గురుంటే ఇద్దరంటారు, అయిదుగురుంటే నలుగురంటారు. దిష్టి తగలకుండా ఒకరిని దేవుని కింద వదిలిపెట్టాలి. వదలకుండా చెప్పేది పొగరుబోతు. ఇది అబద్ధం కింద లెక్క కాదు, మర్యాద కింద లెక్క. అడిగేవాళ్ళకూ తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు, మనసులో ఒకటి కలుపుకుంటారు, అంతే. ఒక్కగానొక్క బిడ్డ ఉన్న అంబమ్మ ఆ ఒక్కదాన్నీ దేవుని కింద వదిలేస్తే మిగిలేది ఎవరూ లేరు.

ఆసుపత్రిలో తర్ఫీదు పూర్తిచేసుకుని ఆమె యరగేరకు ఆరోగ్య కార్యకర్తగా వచ్చింది. ఊరందరికీ నర్సమ్మ. కాన్పులు చూసేది, టీకాలు వేసేది, నారికురుపులకు కట్లు కట్టేది. ఆ రోజుల్లో అటువైపు నారికురుపు తెలియని ఇల్లు లేదు. దిగుడుబావి నీళ్ళలో కంటికి ఆనీ ఆనని పురుగొకటి ఉంటుంది, నీళ్ళతోపాటు అది కడుపులోకి పోతుంది. ఏడాది తిరిగేసరికి చీలమండ దగ్గర బొబ్బ లేచి, పగిలి, అందులోంచి తెల్లటి దారంలాంటి పాము తల బయటపెడుతుంది. దాన్ని అగ్గిపుల్లకు చుట్టి రోజుకింత చొప్పున లాగాలి. తొందరపడితే తెగిపోతుంది, కాలు వాచిపోతుంది. మంట భరించలేక జనం ఆ కాలు తీసుకెళ్ళి మళ్ళీ ఆ దిగుడుబావి మెట్ల మీదే, ఆ నీళ్ళలోనే పెట్టుకుంటారు. దాంతో పాము పిల్లలు మళ్ళీ నీళ్ళలోకి పోతాయి. కుసుమకు ఆరో ఏట ఎడమకాలికి వచ్చింది. ఇరవై మూడు రోజులు అగ్గిపుల్ల చుట్టింది తల్లి.

ఈ కథలోకి డాక్టర్ శివరామకృష్ణయ్య వచ్చేది ఇక్కడే. తెనాలి వైపు మనిషి. హైదరాబాదు రాజ్యం ఉన్నప్పుడు ఉద్యోగంలో చేరి, రాష్ట్రాలు విడిపోయినా రాయచూరు ఆసుపత్రిలోనే ఉండిపోయాడు. పెళ్ళాం పిల్లలతో కంటే సూక్ష్మదర్శినితో ఎక్కువసేపు గడిపే రకం. ఒకసారి సింధనూరు తాలూకా బాళగనూరు దగ్గర, కాలువ కింద వరి వేసుకుంటున్న కోస్తా రైతుల పేటకు టీకాల పని మీద వెళ్ళాడు. ఆ పేటలో ఒక్క కాలికీ నారికురుపు లేదు. వాళ్ళు తాగేది కాలువలోంచి గుంటలోకి మళ్ళించిన బురదనీళ్ళు. మరి ఎందుకు లేదు?

జవాబు వెంకటరత్నమ్మ గారి పెరట్లో దొరికింది. ఆవిడ గుడివాడ ప్రాంతం నుంచి మొగుడితో వచ్చి, ఎకరాలకెకరాలు నల్లరేగడి దున్నించి వరి పండిస్తున్న ఇల్లాలు. బిందె మూతికి పాత పంచె ముక్క నాలుగు మడతలు వేసి కట్టి, అందులోంచి నీళ్ళు వంపుతోంది.

"ఇదేంటమ్మా?" అన్నాడు డాక్టరు.

"బురద కదండీ. మా ఊళ్ళో కాలవ నీళ్ళకీ ఇంతే చేసేవాళ్ళం. గుడ్డ లేకపోతే గొంతు దిగవు" అంది వెంకటరత్నమ్మ.

నాలుగు మడతల పాత పంచె. డాక్టరు ఆ గుడ్డను అలాగే చూస్తూ నిలబడిపోయాడట. తర్వాత యరగేర వచ్చి అంబమ్మను పిలిపించుకున్నాడు. యరగేరలో రెండువందల ముప్ఫై ఆరు ఇళ్ళు, పేటలో నూట డెబ్భై. రెండుచోట్లా ఇంటింటికీ తిరగాలి. పెద్దలెందరు, పిల్లలెందరు, నీళ్ళు ఎక్కడివి, గుడ్డ కడతారా లేదా, ఏడాదిలో ఎవరికి కురుపు లేచింది. మూడేళ్ళ పని. గీతలు కొట్టిన నోటుపుస్తకాలు ఇచ్చి గట్టిగా చెప్పాడు.

"మీ సొంత తెలివి వాడొద్దు అంబమ్మా. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయండి."

"సరే డాక్టర్ సాబ్" అంది అంబమ్మ. మాట ఇస్తే తప్పే మనిషి కాదు. చెప్పింది చెప్పినట్టే రాసింది.

ఆ మూడేళ్ళూ ఆమెకు ఒక పొడుగాటి కలలా గుర్తుండిపోయాయి. యరగేరలో మిట్టమధ్యాహ్నం దిగుడుబావి మెట్ల మీద కూర్చుంటే నీళ్ళ మీది పచ్చటి వెలుగు గోడల మీద కదిలేది. మెట్లు దిగే ఆడవాళ్ళ పాదాలు ఒక్కొక్కటే ఆమె కళ్ళ ముందు నుంచి పోయేవి. కొన్ని పాదాలకు గుడ్డపీలికలు, వాటికి అగ్గిపుల్లలు. తర్వాత మాన్వి మీదుగా బస్సులో ఊగి ఊగి బాళగనూరు చేరితే అదొక వేరే లోకం. నిన్నమొన్నటి దాకా జొన్నలు తప్ప ఎరగని నేల, ఇప్పుడు చూపు ఆనినంత మేర నీళ్ళలో నిలబడి ఉండేది. మబ్బులు మళ్ళలో నడిచేవి. వెంకటరత్నమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఆ మబ్బుల్ని చూస్తూ చూస్తూ అంబమ్మ తాను ఎందుకు వచ్చిందో మరిచిపోయేది.

ఆ పేటలో ఒక్క విషయం మాత్రం ఆమెకు భయం పుట్టించేది. పిల్లలెందరమ్మా అని అడగ్గానే వాళ్ళు టకామని చెప్పేసేవాళ్ళు.

"నలుగురండీ. ఇద్దరాడ, ఇద్దరు మగ. రాసుకోండి" అంది వెంకటరత్నమ్మ మొదటిసారి అడిగినప్పుడు. అంబమ్మ చటుక్కున నేల తాకి కళ్ళకద్దుకుంది. ఎందుకలా అని ఆవిడ అడగలేదు, ఈవిడ చెప్పలేదు. నాలుగు అని మాత్రం రాసింది.

యరగేరలో తన ఇల్లూ ఒక ఇల్లే కదా. వరసలో నూట పద్దెనిమిదోది. ఆ రోజు ఆమె తన గుమ్మంలో తానే కూర్చుని, తనను తానే అడిగి, తానే జవాబు రాసుకుంది. పెద్దలు: ఒకరు. పిల్లలు: లేరు. అలా రాయడానికి క్షణం కూడా ఆలోచించలేదు.

పని పూర్తయ్యాక డాక్టరు అంతా ఇంగ్లీషులోకి ఎత్తి, పట్టికలు వేసి, బొంబాయి నుంచి వచ్చే ఒక ఆరోగ్య పత్రికకు పంపాడు. మనిషిది చాదస్తం కాబట్టి ఇళ్ళ జాబితా, రోగుల జాబితా మొత్తం చివర కట్ట కట్టి జతచేశాడు. పంపేముందు మొదటి పేజీ అంబమ్మకు చూపించాడు. తన పేరు కింద ఇంకో పేరు టైపు చేయించాడు.

"అది మీ పేరే. అచ్చయితే అలాగే పడుతుంది" అన్నాడు.

ఆ అక్షరాలు అంబమ్మకు అన్నీ రావు. అయినా ఏది తన పేరో వేలు పెట్టి చూసుకుంది. తన తల్లి, అత్త, వాళ్ళ తల్లులు, ఎవరి పేరూ ఎక్కడా అచ్చుపడలేదు. బండరాయి మీద కూడా పడలేదు.

"ఎప్పుడు పడ్తది సాబ్?"

"తొందరేం లేదు. ముందు పరీక్ష నెగ్గాలి" అని డాక్టరు వరండాలో కుర్చీ లాక్కుని వివరించాడు. వ్యాసం పత్రిక సంపాదకుడి దగ్గరికి పోతుంది. ఆయన తనంతట తాను వేసేయడు. ఈ విషయం తెలిసిన వాళ్ళను ఇద్దర్ని ఎంచి, గుట్టుగా వాళ్ళకు పంపుతాడు. వాళ్ళు అక్షరం అక్షరం చదివి, ఎక్కడ అనుమానం వస్తే అక్కడ ప్రశ్న రాస్తారు. చివర్లో, వేయొచ్చు అనో, దిద్ది పంపమనో, వద్దనో చెబుతారు. దీనికి వాళ్ళకు ఎవరూ పైసా ఇవ్వరు.

"వాళ్ళెవరు?"

"తెలియదు. చెప్పరు."

"మన పేర్లు వాళ్ళకు ఎరికేనా?"

"వాళ్ళకి తెలుసు."

"ఇదేం ఇన్సాఫు సాబ్? వాళ్ళు మనల చూస్తరు, మనం వాళ్ళను చూడొద్దా?"

డాక్టరు నవ్వాడు. "చూస్తే మొహమాటపడతారు. మొహమాటపడితే నిజం చెప్పరు."

అంబమ్మ తల ఊపింది. పిల్లనిచ్చే ముందు ఆ వీధిలోనే ఎవరినో చెవిలో అడిగి వాకబు చేయిస్తారు, ఎవరు చెప్పారో పెళ్ళివారికి జన్మలో తెలియదు. అలాంటిదన్నమాట. డాక్టరు అవునన్నాడు.

అయిదు నెలలు ఏ కబురూ లేదు. ఆ అయిదు నెలలూ ఆ ఇద్దరూ అంబమ్మ వెంట తిరిగారు. టీకా సూదులు ఉడకబెడుతున్నప్పుడు, బస్సులో కిటికీ పక్కన కునుకు పట్టినప్పుడు, ఎక్కడో ఎవరో తన నోటుపుస్తకం పేజీ తిప్పుతున్న చప్పుడు వినిపించేది. ఒకరోజు వాళ్ళు సముద్రం ఒడ్డున మేడ మీద కూర్చున్న కళ్ళద్దాల ముసలాళ్ళు. ఇంకోరోజు ఒకరు ఆడమనిషి. తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ, ఒళ్ళో కాగితాలు పెట్టుకుని యరగేర ఇళ్ళు ఒక్కొక్కటే దాటుకుంటూ వస్తోంది. ఆ ఆడమనిషికి దిగుడుబావి ఏ మూలన ఉందో చెప్పాలనిపించేది. ఎండలో వస్తోంది, దాహమేస్తుంది, గుడ్డ కట్టుకుని తాగమ్మా అనాలనిపించేది. కన్నడ బడికి పోతున్న కుసుమ, ఏమ్మా నీలో నువ్వే నవ్వుతున్నావ్ అని అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు.

ఉత్తరం రానే వచ్చింది. డాక్టరు వరండాలో చదివి తెలుగులో చెప్పాడు. మొదటి పరిశీలకుడు అరపేజీ రాశాడు. వ్యాసం బాగుంది, వేయొచ్చు, రెండో పట్టికలో గీతలు వంకరగా ఉన్నాయి. ఆయన చదివింది ఆ గీతల వరకేనని ఎవరికైనా తెలిసిపోతుంది. అలాంటివాళ్ళు ప్రతిచోటా ఉంటారు, వాళ్ళవల్ల కీడు లేదు, మేలూ లేదు. రెండో పరిశీలకుడు మాత్రం నాలుగు పేజీలు టైపు కొట్టాడు. అందులో మూడు ప్రశ్నల దగ్గర డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

ఒకటి, కొత్త పేటలో ఇంటికి సగటున ముగ్గురికి పైగా పిల్లలుంటే పాత ఊళ్ళో రెండున్నరే ఎందుకున్నారు? రెండు, పిల్లల సంఖ్యను ఏ మాటలతో అడిగారు? ఆ మాటలు ఉన్నవున్నట్టు రాయండి. మూడు, పాత ఊళ్ళో నూట పద్దెనిమిదో ఇంట్లో పిల్లలు లేరని జాబితాలో ఉంది. రోగుల జాబితాలో మాత్రం అదే ఇంటి నుంచి ఎడమకాలికి కురుపు లేచిన ఒక పాప ఉంది. ఆ పాప ఎవరు?

వరండా మెట్లకు ఎవరో సైకిలు ఆనించారు. అంబమ్మకు అది చాలా దూరంలో జరిగినట్టు అనిపించింది.

"నాలుగు వందల ఇళ్ళలో ఈ ఒక్కటి పట్టుకున్నాడు చూశారా, మహానుభావుడు" అన్నాడు డాక్టరు. "ఏముంది, ఎత్తి రాయడంలో పొరపాటు పడి ఉంటుంది. అలాగే రాసేద్దాం. మొదటి దానికి, కోస్తా వాళ్ళవి పెద్ద సంసారాలని రాద్దాం. మూడు నెలలు గడువిచ్చారు, మూడు రోజుల్లో పంపేస్తాను."

అంబమ్మ సరేనని లేచింది. అంతే, గండం గడిచింది. పొరపాటు అని రెండు ముక్కలు రాస్తే పేరు అచ్చుపడుతుంది. ఆ మూడేళ్ళ తిరుగుడు నిలబడుతుంది.

యరగేర బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. వేరుశనగ చేల మీద ఎండ మసకలా కదులుతోంది. ఆ మసకలోంచి ఆ జుట్టారబెట్టుకున్న ఆడమనిషి మళ్ళీ వచ్చింది. ఈసారి ఆగకుండా వీధులన్నీ దాటి, సరిగ్గా తన గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఇక్కడ ఒక పాప ఉండాలి కదా, ఏదమ్మా అని అడిగింది. ఎవరూ అలా అడగలేదు ఇన్నేళ్ళలో. లేరు అంటే లేరనుకుని పోయినవాళ్ళే అందరూ. లేరు అన్నా వినకుండా, మరి ఉండాలి కదా అన్న మనిషి ఈ ఒక్కతే.

ఇంటికొచ్చేసరికి కుసుమ గడప మీద కూర్చుని కాలి మీద మచ్చను గోటితో గీరుకుంటోంది. అంబమ్మ నోటుపుస్తకాలు తీసి పక్కపక్కన పెట్టుకుంది. రోగుల పుస్తకంలో ఉంది. కుసుమ, ఎడమకాలు, ఇరవై మూడు రోజులు. ఇళ్ళ పుస్తకంలో లేదు. జబ్బుపడ్డవాళ్ళ జాబితాలో ఉన్న బిడ్డ, బతికున్నవాళ్ళ జాబితాలో లేదు. బతికున్న బిడ్డ. తాను కాపాడుతున్నాననుకుంది ఇన్నాళ్ళూ. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఏడ్చాక బుర్ర తేటపడింది. తానొక్కతే కాదు, ఊరు ఊరంతా ఒక్కొక్కరిని వదిలేసింది. పేట వాళ్ళు వదల్లేదు. పిల్లలు తక్కువ కనబడితే యరగేరలో నూటికి లెక్కేసిన రోగం ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది. ఆ లెక్క ఆమె నోటితోనే వేసేసింది, అక్కడికక్కడే.

మర్నాడు పొద్దున్నే రాయచూరు పోయింది.

"డాక్టర్ సాబ్, అది ఎత్తి రాసుట్ల తప్పు కాదు. నూట పద్దెనిమిది నా ఇల్లు. ఆ పాప నా బిడ్డ."

డాక్టరు మూత తీసిన పెన్ను బల్ల మీద పెట్టేశాడు. ఆమె రైలు సంగతి చెప్పింది, రంగా సంగతి చెప్పింది, ఊరి తల్లుల సంగతీ చెప్పింది. అంతా విన్నాక ఆయన ముఖం ఎర్రబడింది.

"మూడేళ్ళు అంబమ్మా. మూడేళ్ళలో ఒక్కసారైనా నాతో అనలేదే?"

"మీరు అడగలే సాబ్. సొంత తెలివి వాడొద్దంటిరి. చెప్పింది చెప్పినట్టు రాయమంటిరి."

కోపం ఎటు తిప్పాలో తెలియక డాక్టరు కుర్చీలోంచి లేచి వరండా చివరిదాకా పోయి వచ్చాడు. వచ్చేసరికి కోపం ఆ చివరే ఎక్కడో పడిపోయింది.

"ఇప్పుడు నిజం రాస్తే మొత్తం వద్దనొచ్చు వాళ్ళు. తెలుసుగా?"

"ఎరికే సాబ్."

"మీ పేరు కూడా పోతుంది."

"పోతే పోనియ్యి సాబ్. పిల్లలు రావాలె."

మళ్ళీ లెక్కపెట్టాలి. కానీ ఎలా? వెయ్యిసార్లు అడిగినా ఆ తల్లులు ఒకరిని వదిలే చెబుతారు. ఉపాయం సుంకవ్వ ఇంట్లో దొరికింది. సుంకవ్వ యరగేరలో రెండో వీధి, ముసలిది, ఉమ్మడి సంసారం. మొదటిసారి పిల్లలు ఆరుగురని చెప్పింది.

"ఏంది నర్సమ్మా, మల్ల వచ్చినవ్? అప్పుడే రాసుకపోతివి గద" అంది రోకలి పక్కన పెట్టి.

ఎందరు అని అడగబోయి అంబమ్మ ఆగింది. గడపలో ఒక పిల్ల పాకుతూ వచ్చి ఆమె చెప్పు నోట్లో పెట్టుకోబోయింది.

"దీని పేరేందే సుంకవ్వా?"

"ఇదా? గిరిజ. పెద్దకోడలిది. దీని పైవాడు అమరేశు, వాడు ఉత్త మొండి. వాని పైది నింగి..."

అంతే, దారి దొరికింది. సంఖ్య అడిగితే బిగుసుకునే నోరు పేరు అడిగితే ఆగడం లేదు. ఒక్కొక్క పేరు వెనక ఒక్కొక్క ముచ్చట. ఎవడు ఎవరి పోలికో, ఎవతి ఎప్పుడు చెట్టుమీంచి పడిందో. మధ్యలో పోయినవాళ్ళ పేర్లు కూడా వచ్చేవి. అప్పుడు సుంకవ్వ గొంతు సన్నబడేది. అంబమ్మ పెన్ను ఎత్తి, ఆ పేరు గడిచేదాకా ఊరుకుని, మళ్ళీ రాసేది. ఆరుగురన్న ఇంట్లో ఏడు పేర్లు తేలాయి. వయసులు కూడా పిల్ల పుట్టిన ఏటి వానల్ని బట్టి, కరువును బట్టి, కాలువ తవ్వినప్పుడా నీళ్ళు వచ్చినప్పుడా అని అడిగి రాసింది. సుంకవ్వ వాటిని మొత్తం కూడలేదు, కూడమని అంబమ్మ అడగలేదు.

రెండున్నర నెలలు అలా పేర్లలో తిరిగింది. పేటలో కూడా పేర్లే రాసింది, రెండుచోట్లా ఒకే తీరున అడగాలి కదా. వెంకటరత్నమ్మ నాలుగు పేర్లూ చెప్పి, "మరి మీకెంతమందండీ?" అని అడిగింది ఈసారి. అంబమ్మ కాసేపు మళ్ళలో మబ్బుల్ని చూసింది. "ఆమె పేరు కుసుమ" అంది. పేరు చెబితే నోరు తడబడలేదు.

యరగేరలో మొదటి లెక్కకు పిల్లలు ఆరువందల ఇద్దరు. ఇప్పుడు ఏడువందల తొంభై ఆరుగురు. నూట తొంభై నాలుగుమంది ఒక్క ఎండాకాలంలో ఊళ్ళోకి వచ్చిచేరారు. కురుపు లేచిన పిల్లలు నూటికి ఇరవై మూడు కాదు, పదిహేడున్నర. పేటలో నూటికి ఒక్కటి కూడా లేదు. పాత పంచె ముక్క గెలిచింది, కాకపోతే ముందు చెప్పినంత గొప్పగా కాదు. డాక్టరు జరిగిందంతా దాచకుండా రాశాడు. ఏ మాటలతో అడిగామో, ఎందుకు తప్పిందో, ఏ మాటలతో మళ్ళీ అడిగామో రాసి, పేర్ల జాబితా జతచేశాడు. నూట పద్దెనిమిదో ఇల్లు అంబమ్మ అన్నిటికంటే ఆఖర్న రాసింది. పెద్దలు: ఒకరు. పిల్లలు: కుసుమ.

మళ్ళీ నెలలు గడిచాయి. వానలొచ్చాయి, దిగుడుబావి నాలుగు మెట్లు మునిగింది. అంబమ్మ ఊళ్ళో ఆడవాళ్ళకు బిందెలకు గుడ్డ కట్టడం నేర్పుతూ తిరిగింది. వ్యాసం వచ్చేదాకా ఆగడం దేనికి, గుడ్డకు ఎవరి అనుమతి కావాలి. ఆ ఇద్దరూ ఇప్పుడు తక్కువగా వచ్చేవాళ్ళు ఆమె కలలోకి. వచ్చినా ఏమీ అడక్కుండా పేర్లు చదువుకుంటూ పోయేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం డాక్టరే స్వయంగా జీపులో యరగేర వచ్చాడు. అంబమ్మ గుమ్మంలో సూదులు ఆరబెడుతోంది. పక్కన కుసుమ పలక మీద ఎక్కాలు రాసుకుంటోంది.

"ఉత్తరం వచ్చింది" అన్నాడు. అరుగు మీద కూర్చుని కాగితం విప్పాడు. "మొదటాయన, పట్టిక గీతలు ఇప్పుడు బాగున్నాయన్నాడు. రెండో వారు వేయమన్నారు. పేర్ల జాబితా అచ్చువేయాల్సిన పని లేదు, కానీ మొత్తం చదివానని రాశారు. మీ పేరు ఉన్నచోటే ఉంటుంది."

అంబమ్మ చేతులు తుడుచుకుంది.

"ఒక్క చిన్న సవరణ అడిగారు" అన్నాడు డాక్టరు. ఆయన కాగితంలోకి చూస్తున్నాడు గానీ చదవడం లేదు. "యరగేర జాబితాలో ఏడువందల తొంభై అయిదుమంది పిల్లలకి వయసు రాశారు. నూట పద్దెనిమిదో ఇంట్లో పాపకి రాయలేదట. రాసి పంపమన్నారు."

పలక మీద బలపం ఆగింది. కుసుమ తల ఎత్తి తల్లిని చూసింది. అంబమ్మకు తెలుసు తాను రాయలేదని. పేరు ఇచ్చేసి, అదొక్కటి మాత్రం దాచుకుంది. ఎవరూ చూడరనుకుంది. ఏడువందల తొంభై అయిదు గళ్ళు దాటి వచ్చి, ఆ ఖాళీ గడి దగ్గర ఆగి, పాప ఎంతదయింది అని అడిగింది ఆ ముక్కూ మొహం తెలియని మనిషి. అంబమ్మకు రైలు గుర్తొచ్చింది, వేరుశనక్కాయలు గుర్తొచ్చాయి. భయమేసింది, పాత భయమే. ఆమె కుసుమను దగ్గరికి లాక్కుని తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి తియ్యకుండానే, రెండో చేత్తో డాక్టరు దగ్గర పెన్ను తీసుకుంది.

"రాసుకో సాబ్ అంటే మీరు రాస్తరు" అంది. "నేనే రాస్త."

కాగితం మోకాలి మీద పెట్టుకుని తొమ్మిది అని రాసింది.